రెండు ఖాళీ గళ్ళు

మొన్న కార్తీకమాసంలో ఒక ఆదివారం నాడు మా ఇంట్లో ఒక మహాప్రయోగం జరిగింది. నవ్వకండి. రంగు పూసి, అది ఎంతసేపటికి ఆరుతుందో చూడడం. అంతే ప్రయోగం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉండే వస్తువులతో ఏదో ఒకటి స్వయంగా చేసి, చూసింది చూసినట్టు రాసుకు రమ్మని సైన్సు టీచరు చెప్పిందిట. తోటి పిల్లలందరూ అగ్నిపర్వతాలూ రాకెట్లూ తయారుచేస్తూంటే, మా పిల్ల మాత్రం "కిటికీ ఊచలకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా ఎక్కడుందమ్మా?" అంటూ వంటింట్లోకి వచ్చింది.

"రంగు ఆరడంలో చూడ్డానికి ఏముందే?" అన్నాను.

"ఏముందో చూస్తేగా తెలిసేది!" అంది.

ఇంగ్లీషువాళ్ళు పరమ విసుగు పనిని రంగు ఆరుతూంటే చూస్తూ కూచోడంతో పోలుస్తారని మావారు పేపరు చాటునుంచి అందించారు. అక్కడితో ఆగలేదు. చార్లీ లైన్ అనే ఇంగ్లండు కుర్రాడు సెన్సారు బోర్డు మీద కోపంతో 2016లో ఒక సినిమా తీశాడుట. తెల్లరంగు వేసిన గోడ తప్ప అందులో ఇంకేమీ లేదు. పది గంటల ఏడు నిమిషాలు. చూడక తప్పదు కనుక సెన్సారు వాళ్ళు పాపం మొత్తం చూసి, అందరూ చూడతగ్గదని 'యు' సర్టిఫికెట్ ఇచ్చారుట. మనవాళ్ళ కొన్ని సినిమాల కంటే అదే నయమేమో!

సరే, స్నానాలగది నేలకి వెయ్యగా మిగిలిన టైల్సు నాలుగు దొరికాయి. నాలుగూ ఒక్క కొలత. నాలుగింటికీ ఒకే రంగు, ఒకే బ్రష్షు. ఒకటి మేడమీద ఎండలో, ఒకటి హాల్లో ఫాను కింద, ఒకటి గాలి ఆడని అలమారలో, నాలుగోది తడి ఆరని స్నానాలగదిలో. పొద్దున్న పదింటికి మొదలు. అరగంటకోసారి నా దేవుడి వత్తుల పత్తిలోంచి చిన్న పింజ తీసి రంగుమీద ఉంచడం, పది లెక్కపెట్టి ఉఫ్ మని ఊదడం. పింజ అంటుకుపోతే ఆరనట్టు, ఎగిరిపోతే ఆరినట్టు. ఈ మాత్రానికి అరగంటకోసారి పరుగులెందుకు, ఫోను కెమెరా పెట్టి వదిలెయ్యమన్నారు మావారు. కెమెరాకి తెలియదు నాన్నా అంది అది. నిజమే సుమండీ. తడిరంగూ మెరుస్తుంది, ఆరిన రంగూ మెరుస్తుంది. కంటికి రెండూ ఒకటే.

మధ్యమధ్య అది చెప్పిన సంగతులు వింటూంటే, ఆర్ట్సు చదువుకుని ఏం పోగొట్టుకున్నానో తెలిసింది. ఆరడమంటే నా లెక్కలో తడి పోవడం, దండెంమీద చీర ఆరినట్టు. కాదుట. మొదట కాసేపు అలాగే, కలిపిన థిన్నరు గాలిలో కలిసిపోతుంది. ముక్కుపుటాలు అదిరేట్టు వాసన కొట్టేది అదే. అసలు కథ ఆ తరవాత. రంగులో ఉన్న నూనె గాలిలోంచి ప్రాణవాయువుని పీల్చుకుని, అణువూ అణువూ చేతులు పట్టుకుని, వల అల్లుకున్నట్టు గట్టిపడుతుంది. అంటే ఏదో పోవడం కాదు, వచ్చి చేరడం! అవిసెనూనె పలచగా పూసి ఉంచితే గట్టిపడేకొద్దీ దాని బరువు పెరుగుతుందిట. గోడల సున్నం సంగతీ అలాంటిదే. నీళ్ళు ఇగిరిపోయాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుని నెమ్మదినెమ్మదిగా తీసుకుని సున్నపురాయి అవుతుంది. సంక్రాంతి ముందు మా అమ్మ తలకి పాతగుడ్డ చుట్టుకుని సున్నాలు వేయిస్తూంటే, మా గోడలు రాళ్ళవుతున్నాయని మాకెవరికి తెలుసు? మేం గోడకి ఆనుకోకుండా చూసుకోవడమే సరిపోయేది.

ఇంకో మాట కూడా చెప్పింది. గాలి ముందు తగిలేది పైపొరకే కదా. అందుకని పైన ముందు గట్టిపడుతుంది, పాలమీద మీగడ కట్టినట్టు. రంగు మందంగా పడినచోట లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఎండలో పెట్టినది పన్నెండున్నరకల్లా ఆరింది. ఫాను కింది దానిమీద రెండింటికి కూడా పింజ అంటుకుపోయింది. ఇదిగో, ఇక్కడే నా పెద్దరికం అడ్డొచ్చింది.

కిందింటి వదినగారు సత్యనారాయణ వ్రతం చేసుకుంటోంది. కార్తీకమాసం కదా, పురోహితుడుగారికి ఆ రోజు ఆరిళ్ళుట. ఆవిడ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. "పది నిమిషాలే, అక్షింతలు వేసి వచ్చేద్దాం" అని పిల్లని కూడా బయలుదేరదీశాను. "రెండున్నరకి చూడాలమ్మా" అని అది గొణుగుతూనే ఉంది. పది నిమిషాలు ఎక్కడయ్యాయి! కథ నడుస్తోంది. అందులో ప్రసాదం తీసుకోకుండా భర్త కోసం రేవుకి పరిగెత్తిన కళావతికి ఏమయిందో మీకందరికీ తెలుసు. అది వింటూ మధ్యలో లేచిపోయే ధైర్యం ఎవరికుంటుంది? ప్రసాదం చేతిలో పడి, మెట్లెక్కి ఇంటికి వచ్చేసరికి మూడూ ఇరవై అయింది. మూడున్నరకి పిల్ల పింజ ఉంచి ఊదింది. ఎగిరిపోయింది.

మరి ఫాను కింది రంగు ఎప్పుడు ఆరింది?

పుస్తకంలో రెండున్నర దగ్గరా మూడింటి దగ్గరా గళ్ళు ఖాళీగా ఉన్నాయి. దాని మొహం చూస్తే జాలేసింది. "దీనికింత దిగులెందుకే? రెండింటికి ఆరలేదు, మూడున్నరకి ఆరింది. రెండున్నర దగ్గర ఆరలేదనీ మూడింటి దగ్గర ఆరిందనీ రాసెయ్యి. మహా అయితే పావుగంట అటూఇటూ" అన్నాను.

"మూడింటికి నేను చూడలేదుగా!"

"చూస్తే మాత్రం అంతకంటే వేరే ఏమవుతుందే?"

అది జవాబు చెప్పలేదు. రెండు గళ్ళలోనూ 'చూడలేదు' అని రాసుకుంది. అక్కడితో ఊరుకోలేదు, కింద ఒక ముక్క చేర్చింది, ఫాను కింది రంగు రెండుకీ మూడున్నరకీ మధ్య ఎప్పుడో ఆరింది అని. అలమారలోది అయిదున్నరకి ఆరింది. స్నానాలగదిలోది రాత్రి తొమ్మిదికి కూడా పింజని పట్టుకునే ఉంది.

నాకేమో కొంచెం కోపం కూడా వచ్చింది. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకున్నాడు, ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు. అవన్నీ పెద్ద పరీక్షలు, లోకమంతా చూస్తూంటే జరిగినవి. నోటుపుస్తకంలో అరగంట ఖాళీ పెట్టి ఆయన్ని ఎవరూ పరీక్షించలేదు. అలాంటిది ఈ చిన్నముండ నాకు సత్యవ్రతం నేర్పడమేమిటి? అదీ నేను వ్రతం నుంచి వచ్చిన గంటలో! మరి ఆ వ్రతకథలోనే ఉంది కదా, పడవలో ఏముంది నాయనా అని సన్యాసి అడిగితే ఆకులూ అలములూ అని షావుకారు బొంకడం, తీరా చూస్తే సరుకంతా ఆకులూ అలములే అయిపోవడం. చేతులు జోడించుకుని విన్నాను. ప్రసాదం కళ్ళకద్దుకున్నాను. మేడెక్కి వచ్చి పిల్లకి బొంకమని సలహా ఇచ్చాను. అప్పటికి నాకేమీ తోచలేదు, నిజంగా.

నాలుగు రోజుల తరవాత పుస్తకం వచ్చింది. పదికి ఏడు. 'రీడింగులు పూర్తిగా లేవు' అని ఎర్రసిరా. గ్రాఫులో గీత మధ్యలో తెగిపోయింది కదా, అందుకు. గీత ఎక్కడా తెగని పిల్లలకి పదికి పదీ వచ్చాయి. వాళ్ళలో ఎందరు అమ్మల మాట విన్నారో నేను చెప్పలేను.

పిల్ల మూతి ముడుచుకుని కూచుంటే, ఓదార్చడానికి మావారు ఒక కథ ఎత్తుకున్నారు. కథ కాదు, జరిగినదే. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ థామస్ పార్నెల్ అనే మాస్టారు 1927లో, తారుకి దగ్గర చుట్టమైన ఒక నల్లటి పదార్థాన్ని కాచి గాజు గరాటులో పోశాడు. సుత్తితో కొడితే గాజులా పగిలిపోతుంది. కానీ అది ద్రవమేనని పిల్లలకి చూపించాలని ఆయన పట్టుదల. మూడేళ్ళు అలా ఉంచి, 1930లో గరాటు మూతి కోశాడు. మొదటి చుక్క పడింది 1938లో! తరవాత 2014 దాకా, అన్నేళ్ళలో పడ్డవి మొత్తం తొమ్మిది చుక్కలు. జాన్ మెయిన్‌స్టోన్ అనే ఆయన 1961 నుంచీ దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. 1979లో ఆయన ఇంట్లో ఉన్న సెలవురోజున చుక్క పడింది. 1988లో ఏదో తాగొద్దామని కాసేపు పక్కకి వెళ్ళాడు, అంతలోనే పడింది. 2000లో కెమెరా పెట్టారు, సరిగ్గా సమయానికి కెమెరా మొరాయించింది. 2013 ఆగస్టులో ఆయన పోయాడు, ఒక్క చుక్క పడడమూ కళ్ళారా చూడకుండానే.

"ఆ 1988లో ఆయన 'చూశాను' అంటే కాదనేవాళ్ళెవరు? పడడం ఇంకెవరూ చూడలేదు. చుక్క ఎలాగూ పడింది కదా!" అన్నారు మావారు.

పిల్ల మొహం విప్పారింది. కాఫీగ్లాసులు తీసుకుని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన పిల్లకి చెప్పిన మాట ఎక్కడో నాకు తగిలింది. నేనూ ఒకసారి, గదిలో ఇంకెవరూ లేనప్పుడు, ఒక ఖాళీగడి పూరించాను.

2006 మాట. పెళ్ళయి రెండేళ్ళయింది. రాజమండ్రిలో అమ్మకి టైఫాయిడు వచ్చిందంటే వెళ్ళాను. నాలుగు గంటలకోసారి జ్వరం చూసి కాగితంమీద రాసి ఉంచమన్నారు డాక్టరుగారు. పొద్దున్న ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, రెండు. నేనే స్కేలు పెట్టి గళ్ళు గీశాను. రెండు రాత్రులు రెప్ప వెయ్యలేదు. మూడోరాత్రి పదింటికి చూస్తే 100.4 ఉంది. తడిగుడ్డ మార్చి, కుర్చీలో వెనక్కి వాలాను. కళ్ళు తెరిచేసరికి పాలవాడు గేటు కొడుతున్నాడు. ఆరింటికి చూస్తే 100. మధ్యలో రెండింటి గడి నావేపు తెల్లగా చూస్తోంది.

100.2 అని రాశాను.

ఎంత ముచ్చటగా ఉందో చూడండి, మెట్టుమెట్టుగా దిగుతున్నట్టు. తొమ్మిదింటికి డాక్టరుగారు వచ్చి కాగితం చూసి, "ఫరవాలేదు, తగ్గుముఖం పట్టింది. ఇదే మందు కానివ్వండి" అని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం 103 దాటింది. రాత్రికి రాత్రి ఆస్పత్రిలో చేర్చాం. ఎనిమిది రోజులకి అమ్మ ఇంటికి వచ్చింది. ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది, మనవరాలికి జడలు వేసింది. 2017లో పోయింది, వేరే జబ్బుతో.

ఆ పదకొండేళ్ళూ ఎవరు వచ్చినా అమ్మ చెప్పేది: "నా పిల్ల కళ్ళల్లో వత్తులు వేసుకుని కూచుందమ్మా! గంట తప్పకుండా జ్వరం చూసి రాసేది. కొడుకులుంటే చేస్తారా ఇలాగ!" నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేదాన్ని. పొగిడితే సిగ్గుపడుతోంది పిచ్చిపిల్ల అనేవాళ్ళు.

ఆ రోజు రెండింటికి అమ్మకి నిజంగానే 100.2 ఉండి ఉండవచ్చు. పదింటి అంకెకీ ఆరింటి అంకెకీ మధ్యదే కదా నేను రాసింది. అలా అయితే నేను రాసినది నిజమే. నిజమైనదాన్ని అబద్ధం అనడం ఎలా? చాలాకాలం ఈ మాటతోనే మనసుని జోకొట్టుకున్నాను. పరీక్షలో జవాబు సరిపోతే చాలు, లెక్క ఎలా చేశావని అడగొద్దన్నట్టు.

కానీ గ్లాసులు కడుగుతూ నిలబడ్డప్పుడు నాకు తోచిందేమిటంటే, ఆ గడి ఖాళీగా ఉంటే డాక్టరుగారు "ఇదేమిటమ్మా, రాత్రి చూడలేదా?" అని అడిగేవారు. చూడలేదని చెప్పవలసి వచ్చేది. అప్పుడు ఆయన అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకాస్తసేపు కూచునేవారేమో, రాత్రి వణుకు వచ్చిందా అని అమ్మనే అడిగేవారేమో. అడక్కపోయేవారేమో కూడా, నిజమే. కానీ ఖాళీగడి ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. అంకె కనిపిస్తే ఎవరూ అడగరు. నా అంకె తప్పో ఒప్పో గాని, అడగవలసినవాళ్ళ నోరు మాత్రం మూసేసింది.

మనకి ఖాళీలు పూరించడం ఉగ్గుపాలతో వచ్చిన విద్య. భోంచేశావా అని ఫోనులో అడిగితే, చెయ్యకపోయినా చేశానంటాం. గిన్నెలో అన్నం అడుక్కి వచ్చినా, బోలెడుంది వేయించుకోండంటాం అతిథితో. ఇవి అబద్ధాలు కావా అంటే, అబద్ధాలే. అయితే వాటికి కాలేది మన కడుపే. ఇంకొకరు వాటిని నమ్ముకుని మందు రాసేది లేదు, అడుగు ముందుకు వేసేది లేదు. ఈ తేడా నాకు గట్టిదిగానే కనిపిస్తోంది. నా తప్పుకి విడిగా పీట వేసి కూచోబెడుతున్నానా అని కూడా మరోపక్క అనుమానం. మీకేమనిపిస్తోందో?

నిద్రపోవడం తప్పు కాదు. మూడో రాత్రి ఎవరైనా నిద్రపోతారు. అమ్మకి చెబితే "పోనీలే తల్లీ, నువ్వూ మనిషివేగా" అనేది, నాకు తెలుసు. మరెందుకు రాశాను? పుట్టింటికి సేవ చెయ్యడానికి వచ్చిన కూతురు గుర్రుపెట్టి నిద్రపోయిందని ఆ కాగితం చెప్పకూడదు, అందుకు. ఆ గడిలో నేను రాసింది అమ్మ జ్వరం కాదు, నా మంచితనం. మొన్న ఆదివారం పిల్లని రాయమన్నదీ దాని రంగు సంగతి కాదు. ఆ రెండు గళ్ళు నిండితే, దాన్ని పేరంటానికి లాక్కెళ్ళిన నా నేరం కూడా పూడిపోతుంది. మూడింటికి రంగు ఆరితే నాకేమిటి, ఆరకపోతే నాకేమిటి!

మళ్ళీ ఆదివారం సాయంత్రం దానికి తలదువ్వుతూ ఇదంతా చెప్పాను. మొహం కనబడదు కనుక జడ వేసేటప్పుడు కొన్ని మాటలు చెప్పడం తేలిక. అది కదలకుండా వింది.

"అమ్మమ్మకి చెప్పావా?"

"లేదు."

"ఆ డాక్టరుగారికి?"

"లేదే."

రిబ్బను కట్టేదాకా ఇంకేమీ అనలేదు. తరవాత లేచి స్నానాలగదిలోకి వెళ్ళింది. ఆ నాలుగో టైలు ఇంకా అక్కడే గోడకి ఆనించి ఉంది, ఎనిమిది రోజుల నుంచీ. నిగనిగలాడుతూ గట్టిగా కనబడుతోంది. పింజ వేస్తే ఎగిరిపోయి రెండు రోజులయిందిట. కింది అంచున, రంగు కారి మందంగా పేరుకున్నచోట గోటితో నొక్కింది. పైపొర చిట్లి, లోపలినుంచి ఆకుపచ్చరంగు గోటికి అంటుకుంది.

"ఇంకా ఆరలేదమ్మా!" అంటూ నోటుపుస్తకం కోసం పరిగెత్తింది. అప్పటికే మార్కులు వేసేసిన పుస్తకం. "టైమెంతయింది?" అని అక్కణ్ణించే కేకేసింది.

ఏడున్నర అనబోయి, హాల్లోకి వెళ్ళి గడియారం చూశాను.

"ఏడూ ఇరవై రెండు" అన్నాను.